ఒంటరి ఆటగాడికి ఊరే దళం

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుకుని, సంతలో దేశియా, కువి వింటూ పెరిగిన కొరాపుట్, రాయగడ జిల్లాల వాళ్లం మేము. ఈ ప్రణాళికతో మా పని ప్రకటిస్తున్నాం. యుద్ధ అనుకరణ ఆటలకు తిరుగుబాటు మిషన్లు తయారు చేస్తాం. అవి ఒక్కరే కూర్చుని, తమకు వీలైన వేళలో, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఆడగలిగేవి.

తిరుగుబాటు మిషన్ అంటే ఎనిమిది మంది హెడ్‌సెట్లు పెట్టుకుని ఒకే రాత్రి ఒకే సర్వర్లో కలవాలనే రోజులు పోయాయి. పోయినదాని మీద వాదించి పొద్దుపుచ్చం. రాబోయేది ఎలా ఉండాలో చెబుతాం. చదివాక మీకూ చేయి కలపాలనిపిస్తే దారి తెరిచే ఉంది.

ఈ ఆటలు ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఆర్మా అనేది చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ తయారుచేసే ఆటల వరుస. అందులో ఆర్మా 3 విడుదలైంది 2013లో. దానితో పాటే మిషన్ ఎడిటర్ కూడా వస్తుంది. మ్యాపు మీద మనుషుల్ని, బళ్లను, ఇళ్లను పెట్టి, ఎవరు ఎప్పుడు ఎటు నడవాలో, ఏం జరిగితే ఏం జరగాలో ఎవరైనా రాసుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన కథతో ఆట ముగిసిపోదు, ఆడేవాళ్లే కొత్త కథలు కడుతూ పోతారు. మాకు నచ్చిన సంగతి అదే.

1. ఒంటరిగా ఆడడం దానంతట అదే పూర్తి ఆట అని మేము నమ్ముతున్నాం.

ఈ కోవ తిరుగుబాటు కథలు పుట్టింది ఒంటరి ఆటగాడి చేతిలోనే. ఆర్మాకు పూర్వరూపమైన ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ 2001లో వచ్చింది. మరుసటి ఏడు దానికి రెసిస్టెన్స్ అనే అనుబంధం వచ్చింది. నోగోవా అనే కల్పిత ద్వీపంలో, పాత జీవితాన్ని వదిలేసి ప్రశాంతంగా బతుకుదామనుకున్న విక్టర్ ట్రోస్కా అనే మాజీ సైనికుడి కథ అది. ఒక మిషన్‌లో దక్కించుకున్న తుపాకులు, తూటాలు తర్వాతి మిషన్‌కి వెంట వస్తాయి, పారేసుకుంటే పోయినట్టే. ఆ ఒక్క నియమం వల్ల ఆడేవాడు సైనికుడిలా ఆలోచించడం మానేసి, నెలాఖరులో ఇల్లు నడుపుతున్న మనిషిలా ఆలోచించడం మొదలుపెడతాడు. ఉన్నదెంత, దీన్ని ఎక్కడి దాకా సాగదీయొచ్చు అన్నదే లెక్క. తిరుగుబాటు అనే పదానికి ఆ ఆట ఇచ్చిన అర్థాన్ని ఇంతవరకూ ఏ పెద్ద సర్వరూ మించలేదని మా అభిప్రాయం.

ఆర్మా 3 కథలో 2014 మొదట్లో వచ్చిన అడాప్ట్ అనే భాగంలో ఆల్టిస్ ద్వీపపు గెరిల్లాల మధ్య ఆటగాడు ఒక్కడే తిరుగుతాడు. 2020లో అదే ఆటకి వచ్చిన ఓల్డ్ మ్యాన్‌లో రిటైరైన ఒక ఫారిన్ లీజియన్ సైనికుడు టనోవా దీవుల్లో తిరుగుబాటుదారుల వైపు చేరతాడు. ఆటగాళ్లు కట్టుకున్న వాటిలో యాంటీస్టాసీ పెద్దది. అందులో తుపాకీ పక్కన పెట్టి మామూలు బట్టల్లో, మామూలు బండిలో చెక్‌పోస్టు దాటి పోవచ్చు. ఆ దాటే క్షణంలో గుండె కొట్టుకునే వేగం ఏ కాల్పుల్లోనూ ఉండదు. దారి ఇదేనని ఈ ఆటలు ఎప్పుడో చూపించాయి. ఆ దారినే మా కొండల్లోకి తిప్పుతాం.

2. ఒంటరి ఆటగాడికి దళం ఇవ్వకూడదు, ఊరు ఇవ్వాలి.

ఈ ప్రణాళికలో మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి. ఒక్కడు ఆడుతున్నాడనగానే మిషన్ తయారుచేసేవాళ్లు చేసే మొదటి పని, వాడి వెనక ఆరుగురు కంప్యూటర్ సైనికుల్ని నిలబెట్టడం. ఆ ఆరుగురికీ మీటలు నొక్కి ఆజ్ఞలివ్వాలి. ఒకడు గోడకి అడ్డం పడి ఆగిపోతాడు, ఒకడు పడుకోమంటే లేచి నిలబడతాడు. ఆటగాడు తిరుగుబాటుదారుడిగా మొదలై, హాజరు తీసుకునే మేస్త్రీగా ముగుస్తాడు. తోడు కావాలన్న ఆలోచనలో తప్పు లేదు. కానీ గెరిల్లాకి తోడు పక్కన తుపాకీ పట్టుకుని నడిచేవాడే అని ఎవరు చెప్పారు?

మన చరిత్ర అలా చెప్పదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లలో అల్లూరి సీతారామరాజు మనుషులకు దక్కినవి 26 తుపాకులు. రెండేళ్లపాటు ఒక సామ్రాజ్యాన్ని నిద్రపోనివ్వని పోరాటం 26 తుపాకులతో నడవదు. గాం గంటం దొర, మల్లు దొర లాంటి కొండ పెద్దల, ముఠాదార్ల ఊళ్లు దాన్ని నడిపాయి. తిండి పెట్టింది ఊరు, కబురు తెచ్చింది ఊరు, పోలీసులు ఏ గెడ్డ దాటారో చెప్పింది ఊరు. మలబార్ స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగి ఊళ్ల మీద ఒత్తిడి పెరిగాక పోరాటం సన్నగిల్లింది. 1924 మే 7న కొయ్యూరులో రాజు కథ ముగిసింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా మా కొరాపుట్ కొండలు కూడా అదే విశాఖపట్నం ఏజెన్సీ. ఈ కథ సరిహద్దుకి అవతలిది కాదు, మా ఇంటిదే.

కాబట్టి మా మిషన్లలో ఆటగాడి బలం అతని చుట్టూ ఉన్న ఊరి నమ్మకంలో ఉంటుంది. ఇది ఆటలో ఎలా కుదురుతుందో ఒక్క ఉదాహరణ దగ్గర నుంచి చూపిస్తాం.

రాయగడ జిల్లా చాటికోనలో బుధవారం సంత జరుగుతుంది. నియమగిరి మీంచి డొంగ్రియా కోంధులు అరటి, అనాస, పసుపు, అల్లం దింపుకుని వస్తారు. మా మిషన్‌లో ఊరు కల్పితం, సంత నడక మాత్రం అక్కడిదే. ఆటగాడి చేతిలో ఆయుధం లేదు, భుజాన ఉప్పు మూట ఉంది. పని ఒక్కటే. రేపు తెల్లారి పోలీసు అవుట్‌పోస్టు వాళ్లు కొండెక్కుతారా, ఎక్కరా అని మధ్యాహ్నంలోగా తెలుసుకోవాలి. ఎవరినీ సూటిగా అడగకూడదు, అడిగితే సంత మూగబోతుంది. కోళ్లమ్మే మనిషి గంప ఖాళీగా ఉంటుంది. ఆ గంప పక్కన రెండు నిమిషాలు ఊరికే నిలబడితే, పొద్దున్నే ఎవరో వచ్చి అన్నీ ఒక్క బేరంలో పట్టుకెళ్లారని ఆమె పక్క మనిషితో అనడం వినపడుతుంది. అవుట్‌పోస్టులో మామూలుగా ఉండే పదిమందికి అన్ని కోళ్లు అక్కర్లేదు. ఇంకో చోట ఒక కుర్రాడు టార్చిలైటు బ్యాటరీలు అయిపోయాయని చెప్పి కొనేవాళ్లని తిప్పి పంపిస్తుంటాడు. ఈ రెంటినీ కలుపుకోవాల్సింది ఆటగాడే. ఆట నోరు విప్పి ఏదీ చెప్పదు.

దీని వెనక యంత్రం చాలా చిన్నది. ఆర్మాలో ఒక దళానికి ఎదుటి మనిషి గురించి ఎంత తెలుసో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, సున్నా నుంచి 4 దాకా. సెట్‌క్యాప్టివ్ అనే ఒక్క ఆదేశంతో ఆటగాడు శత్రువు కంటికి మామూలు మనిషి అవుతాడు. ఎంతసేపు అలా ఉంటాడనేది మేము రాసుకున్న నియమాల మీద ఉంటుంది. సూటి ప్రశ్న వేస్తే అనుమానం పెరుగుతుంది, పరుగెత్తితే పెరుగుతుంది, మూట దింపకుండా సంతంతా తిరిగితే పెరుగుతుంది. ఆ అనుమానాన్ని తెర మూలన ఎర్ర గీతగా గీయడం మాకు ఇష్టం లేదు. అది పెరిగే కొద్దీ చుట్టూ బేరాల గొంతులు తగ్గుతాయి. సంతలో నిశ్శబ్దం దిగుతోందంటే వెళ్లిపోవాలని మా వైపు పిల్లలకి కూడా తెలుసు.

తప్పు చేసినంత మాత్రాన మిషన్ ఓడిపోదు. కోళ్లామె వచ్చే బుధవారం ఆటగాడిని గుర్తుపట్టి తల తిప్పుకుంటుంది. అంతే. ఆ నమ్మకం మళ్లీ సంపాదించుకోవాలంటే ఇంకో మిషన్ పడుతుంది. రెసిస్టెన్స్‌లో తుపాకులు ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి వెంట వచ్చినట్టే, మా వరుసలో ముఖాలు వెంట వస్తాయి.

3. ఎదురుచూపు కూడా ఆటే.

ముందుగా కబురు పెట్టి మరీ దాడి చేసేవాడని రాజు గురించి మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి మిరపకాయ టపా అని పేరు. ఆటల వాళ్లు దీన్ని వీరత్వం ఖాతాలో రాసేసి పక్కన పెడతారు. మిషన్ కట్టేవాడి కంట్లో ఇదొక గొప్ప నియమం. శత్రువుకి మీరు వస్తున్నట్టు తెలుసు, మీకు వాడికి తెలుసని తెలుసు. ఇక మిగిలింది ఏ దారిన, ఏ వేళకి అన్నదే. కాల్పులు ఒక నిమిషం, దాని ముందు పొద్దంతా ఆలోచన. పదిమంది కలిసి ఆడే చోట ఈ పొద్దంతా ఎవరూ భరించరు, ఎవడో ఒకడు విసిగి తుపాకీ పేలుస్తాడు. ఒక్కడే ఆడేవాడికి మాత్రం ఆ ఓపిక ఉంటుంది. వాడు దాని కోసమే వస్తాడు.

4. గెలుపు శవాల లెక్క మీద ఆధారపడకూడదు.

1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో రాజు మనుషులు ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను మాత్రమే కాల్చారు. మామూలు మిషన్‌లో కనిపించిన ప్రతివాడికీ పాయింట్లు ఉంటాయి. దామనపల్లి నియమం ప్రకారమైతే తొలి వరుసలో ఒక్క తూటా పేలినా ఓటమే. కాల్చకుండా ఉండడం కోసం వేలు బిగబట్టుకునే ఆట మాకు కావాలి.

ఇంకో మెట్టు ఎక్కుదాం. తెంతులిగుమ్మకి చెందిన లక్ష్మణ నాయక్ 1942 ఆగస్టు 21న ఊరి జనాన్ని వెంటబెట్టుకుని మథిలి పోలీస్ స్టేషన్‌కి నడిచాడు. చేతిలో గాంధీ పటం. పోలీసులు కాల్పులు జరిపారు. ఒక అటవీ గార్డు హత్యానేరం ఆయన మీద మోపి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. ఇందులో ఆటగాడి చేతికి తుపాకీ ఎక్కడిది? ఆ నడకే మిషన్. కాల్పులు మొదలయ్యాక ఎవరిని ఎటు తప్పిస్తావు, ఎవరిని మోసుకెళ్తావు అన్నదే ఆట. ఆర్మా 3లో దీన్ని కడుతుంటే నవ్వొచ్చే చిక్కు ఒకటుంది. ఆ ఆట జరిగేది 2035లో, అదీ గ్రీకు ద్వీపాన్ని పోలిన కల్పిత ద్వీపంలో. ఊరి జనానికి కంపెనీ ఇచ్చిన బట్టలు నిక్కర్లు, టీషర్టులు. 1942 కొరాపుట్ రైతులు బీచికి బయల్దేరినట్టుంటారు. బట్టలు కుట్టగలిగే కళాకారులు మాకు అర్జంటుగా కావాలి.

ఇంకా దగ్గరి కాలానికి వద్దాం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి బాక్సైట్ తవ్వకాల నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. ఆ ఏడు జులై 18 నుంచి ఆగస్టు 19 దాకా 12 ఊళ్లలో సభలు జరిగాయి, రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5. పన్నెండూ వద్దన్నాయి. ఒక కొండ గెలిచింది, తూటా లేకుండా. దీన్ని తిరుగుబాటు మిషన్ అంటే ఒప్పుకోని వాళ్లుంటారు. వాళ్లకి మేము కట్టబోయే మిషన్ ఆడి చూపిస్తాం. ఒక్కడు, ఒక రాత్రి, రెండు కొండల మధ్య దారి, ఒక కబురు. తెల్లారేసరికి సభకి జనం రావాలి. దారిలో వానపడి గెడ్డ పొంగుతుంది.

5. శత్రువుకి కూడా ఒక కోరిక ఉండాలి.

ఒంటరి ఆటలో అవతలివాడు యంత్రం. ఆ యంత్రం కేవలం కాపలా కాస్తూ తిరుగుతుంటే ఆట రెండోసారికి చచ్చిపోతుంది. దీనికి మందు మేము బల్ల మీద ఆడే ఆటల్లో చూశాం. అమెరికాలోని జీఎంటీ గేమ్స్ 2012 నుంచి తిరుగుబాట్ల మీద ఒక వరుస తెస్తోంది. అందులో 2019లో వచ్చిన గాంధీ అనే ఆట 1917 నుంచి 1947 దాకా మన దేశం గురించి. బ్రిటిష్ రాజ్, కాంగ్రెస్, ముస్లిం లీగ్, విప్లవకారులు, ఇలా నాలుగు పక్షాలు. ఒక్కరే ఆడితే మిగతా మూడింటినీ నడిపే కార్డుల పద్ధతి ఒకటి అందులో ఉంది, దాని పేరు అర్జున. మన స్వాతంత్ర్య పోరాటాన్ని ఒంటరిగా ఆడే పద్ధతికి అక్కడివాళ్లు పాండవ మధ్యముడి పేరు పెడితే, ఇక్కడ మనం ఇంకా సర్వర్లో స్నేహితుడి కోసం ఎదురుచూస్తున్నాం.

ఆ కార్డులు నేర్పేది ఇదే. యంత్రం ఎక్కడికి పోవాలో రాయొద్దు, ఏం కావాలనుకుంటోందో రాయాలి. మా అవుట్‌పోస్టు ఇన్‌స్పెక్టర్‌కి బదిలీ కావాలి. అందుకని నెలాఖరు దాకా గొడవ లేకుండా గడపాలనుకుంటాడు. ఆ కోరిక తెలుసుకున్న ఆటగాడు అతన్ని కాల్చడు, వాడుకుంటాడు.

6. కరెంటు పోతుంది.

ఇది సిద్ధాంతమా అని మీరు నవ్వొచ్చు, మాకు సిద్ధాంతమే. పేపరు మిల్లులో రాత్రి షిఫ్టు చేసి జేకేపూర్ నుంచి ఇంటికొచ్చిన మనిషికి ఆట కోసం దొరికేది ముప్పావుగంట. గుణుపురం ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో నెట్ దయ మీద ఆధారపడాలి. కాబట్టి మా మిషన్లలో సేవ్ చేసుకోవడాన్ని ఎప్పుడూ ఆపం. కష్టంగా ఉండాలన్న పేరుతో ఎనేబుల్‌సేవింగ్ దగ్గర ఫాల్స్ అని రాసేవాళ్లకి వాన గాలికి కొరాపుట్‌లో లైను ఎలా కొట్టేస్తుందో తెలియదు. ప్రతి పెద్ద మలుపులో ఆట దానంతట అదే సేవ్ కావాలి. పదిమంది కోసం కట్టిన మిషన్‌ని సొంత కంప్యూటర్లో హోస్ట్ చేసుకుని ఒక్కడే ఆడుకోమనడం మాకు సమ్మతం కాదు, అలా ఆడితే మామూలు సేవ్ మీద భరోసా పెట్టుకోలేం. దూరంగా ఉన్న మనుషుల్ని డైనమిక్ సిమ్యులేషన్‌తో నిద్రపుచ్చి పాత ప్రాసెసర్ మీద భారం తగ్గిస్తాం. వీలైనంత వరకు బయటి మాడ్‌లు, అంటే ఆటకి ఇతరులు చేసిన చేర్పులు, అడగం. అసలు ఆటే పదుల జీబీలు, దాని మీద ఇంకో పది దింపుకోమనడం దౌర్జన్యం. మిషన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో చేతులు మారేంత చిన్నగా ఉండాలి.

7. చనిపోయినవాళ్లు మన పక్కింటివాళ్లు.

ఇక్కడ మేము గొంతు తగ్గిస్తాం. 2004 ఫిబ్రవరి 6న మావోయిస్టులు కొరాపుట్ జిల్లా ఆయుధాగారం మీద పడ్డారు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పడవ మీద దాడి జరిగింది. 2009 నవంబర్ 20న నారాయణపట్నంలో పోలీసు కాల్పులు. 2017 ఫిబ్రవరి 1న సాలూరు నుంచి కొరాపుట్ వచ్చే దారిలో సుంకి దగ్గర మందుపాతర పేలి పోలీసులు చనిపోయారు. వీటిలో ఏ ఒక్కటీ మా మిషన్ కాబోదు. ఆ ఇళ్లలో పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు.

అందుకే మేము గీసుకున్న గీతలు ఇవి. బతికున్న మనిషి పేరు, నిజంగా ఉన్న పార్టీ పేరు, నిజంగా ఉన్న క్యాంపు నమూనా మా మిషన్లలో ఉండవు. మందుపాతర పెట్టడం ఆటగాడి పని కాదు, తీయడం పనైతే కడతాం. అది ఆర్మాలో కొత్తేమీ కాదు. 2017లో వచ్చిన లాస్ ఆఫ్ వార్ అనే అనుబంధంలో ఒక మానవతా సంస్థ కార్యకర్తగా ఒక ఊళ్లో పేలని మందుపాతరలు ఏరుతూ, ఆ ఊరి కథను ఒక్కొక్కరి కళ్లతో వెనక్కి వెనక్కి చూస్తాం. దాన్ని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సాయంతో తయారుచేశారు. ఆ ఏడు దాని మీద వచ్చిన నికర ఆదాయంలో సగం రెడ్‌క్రాస్‌కే ఇచ్చారు. మొత్తం ఆర్మా 3లో మా మనసుకి దగ్గరైన భాగం అదే.

ఇంకో జాగ్రత్త. ఆర్మా 3 తయారీ కాలంలో, 2012లో, ఆ కంపెనీ ఉద్యోగులు ఇద్దరు గ్రీసులోని లెమ్నోస్ ద్వీపంలో సైనిక స్థావరాలను ఫొటోలు తీశారన్న ఆరోపణ మీద అరెస్టై నాలుగు నెలలు జైల్లో ఉన్నారు. ఆల్టిస్‌కి మూలం ఆ ద్వీపమే. మా దగ్గర సునాబేడాలో విమాన ఇంజన్ల కర్మాగారం ఉంది, ఘాట్ రోడ్ల మీద క్యాంపులున్నాయి. మాతో కలిసేవాళ్లు కెమెరా పట్టుకుని వాటి చుట్టూ తిరగరు. కొండని గీయడానికి కొండ చాలు.

8. షావుకారు మన భాషే మాట్లాడతాడు.

ఇది తెలుగువాళ్లకి చేదుగా ఉంటుంది. 1967లో మొదలైన శ్రీకాకుళ పోరాటమైనా, నలభై ఏళ్ల తర్వాత నారాయణపట్నం, బందుగాం భూముల గొడవైనా, కొండ మీది మనిషి కోపం ముందు తగిలింది అప్పిచ్చి భూమి రాయించుకున్న షావుకారుకి. కింది నుంచి ఎక్కొచ్చిన ఆ షావుకార్లలో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. తెలుగులో తిరుగుబాటు మిషన్ కట్టేవాడు ఈ అద్దంలో చూసుకోక తప్పదు. మా వరుసలో ఒక మిషన్ ఆ షావుకారు కొడుకుగా ఆడాలి. ఇనప్పెట్టెలో కాగితాలున్నాయి, బయట జనం ఉన్నారు, తాళంచెవి నీ దగ్గరుంది. ఇందులో సరైన జవాబు అంటూ మేము దాచిపెట్టింది ఏదీ లేదు.

9. ఆట మాట్లాడాలి, మన గొంతులతో.

ఆర్మా 3 అధికారిక భాషల్లో తెలుగు లేదు, ఒడియా లేదు, కువి మాట అసలే లేదు. తెర మీద అక్షరాల కోసం ఎదురుచూడం. గొంతు రికార్డు చేసి మిషన్ ఫైల్లో కలపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోళ్లామె దేశియాలో మాట్లాడుతుంది, అవుట్‌పోస్టు వాడు ఒడియాలో, లారీ డ్రైవరు పార్వతీపురం తెలుగులో. ఆటగాడికి అన్నీ అర్థం కావాలని లేదు. మూడు భాషల సంతలో సగం అర్థం కాకపోవడమే మా ఊళ్ల అసలు అనుభవం. ఏ భాష వస్తే ఆ వైపు సమాచారం ముందు తెలుస్తుంది. సబ్‌టైటిళ్లు పెట్టమని ఒత్తిడి వస్తుందని తెలుసు, ఒప్పుకోం.

ఇక మేము కంటున్న రేపు.

ఏదో ఒక రోజు ఆర్మాలో మా భూభాగమే ఒక మ్యాపుగా తయారవుతుంది. దానికి కావలసిన ఎత్తుల లెక్కలు ఉపగ్రహాల నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, సుమారు 30 మీటర్లకొక చుక్క చొప్పున. వాటిని మ్యాపుగా మలిచే సాధనాలను కంపెనీయే ఉచితంగా ఇస్తోంది. ఆల్టిస్ 270 చదరపు కిలోమీటర్లు, నాగావళి లోయలో అంత ముక్క కోసుకుంటే చాలు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి, 1,672 మీటర్లు, దూరాన నీలంగా కనబడాలి. పోడు కాల్చిన వాలు, దాని పక్కన ఇంకా కాల్చని సాలవృక్షాలు, చోళ్లు ఆరబోసిన వాకిళ్లు, సొరంగంలోంచి బయటపడే రైలు. ఆ రైలు ఏ వేళకి వస్తుందో తెలిసినవాడికి దాని చప్పుడు కింద పట్టాలు దాటడం సులువు. అక్కడ మొదటిసారి నడిచే ఆటగాడు విశాఖలో ఉండొచ్చు, డల్లాస్‌లో ఉండొచ్చు, మథిలిలో ఉండొచ్చు. వాళ్ల తాతల్లో ఒకరు ఆ దారిన ఉప్పు మోసుకుంటూ వెళ్లి ఉండొచ్చు. ఆట ఆపాక వాళ్లు అమ్మకి ఫోన్ చేసి ఏదైనా అడిగితే, ఈ ఉద్యమం పని చేసినట్టే.

మొదట మూడు మిషన్లు వస్తాయి. ఉప్పు మూట సంత, మథిలి నడక, వాన రాత్రి కబురు. మూడింటిలోనూ ఆటగాడి చేతిలో ఆయుధం ఉండదు. తుపాకీ ఉన్న దామనపల్లి నాలుగోది. దానికి పాత రైఫిళ్ల మాడ్ ఒకటి తప్పదు, బయటి మాడ్‌లు అడగమన్న మా నియమానికి అది ఒక్కటే మినహాయింపు.

మీకు స్క్రిప్ట్ రాయడం రాకపోయినా పర్వాలేదు, అది నేర్పేవాళ్లున్నారు. మాకు కావలసింది కువి తప్పు లేకుండా మాట్లాడేవాళ్లు, కుందులి శుక్రవారం సంతలో చింతపండు కుంచం ధర ఏ నెలలో ఎందుకు పడుతుందో చెప్పగలిగేవాళ్లు, గెడ్డ ఎక్కడ దాటితే మోకాలి లోతో, ఎక్కడ నడుం లోతో చేత్తో చూపించగలిగేవాళ్లు. ఇంట్లో ఒక ముసలమ్మ ఉండి, ఆమెకి సంతలో గొంతు ఎప్పుడు తగ్గించాలో తెలిసి ఉంటే, కోళ్లామె పాత్రకి ఆమె గొంతు రికార్డు చేసి పంపండి. పక్కన కుక్క మొరిగినా తీసేయకండి.